చేతులు కాలకముందే ఆకులు పట్టుకుందామంటే…

మా చిన్నది నాలుగో తరగతి. పోయిన వారం స్కూల్ నుంచి వస్తూనే బ్యాగు సోఫా మీద పడేసి, "అమ్మా, ఇవాళ మాకు మాక్ డ్రిల్ చేశారు తెలుసా!" అంది. నాకు ఎంత సంతోషం వేసిందో! ఏడాది నుంచి నేను ఆ స్కూల్ వాళ్లని అడుగుతున్నది అదే మరి.

"ఏం చేశారే?" అన్నాను పాలగ్లాసు చేతికిస్తూ.

"మా సెక్షన్ వాళ్లని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లారు. ఒక అంకుల్ ఎర్ర సిలిండర్ పట్టుకుని బుస్సుమని తెల్ల పొగ వదిలాడు. మేం చప్పట్లు కొట్టాం. తర్వాత బ్యానర్ పట్టుకుని ఫొటో దిగాం."

"మరి మిగతా సెక్షన్ల వాళ్లు?"

"వాళ్లకి పీరియడ్స్ ఉన్నాయి కదమ్మా."

రాత్రి ఏడింటికల్లా ఆ ఫొటో మా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. కింద వరసగా దండాలు, చప్పట్లు, "గ్రేట్ ఇనిషియేటివ్ మేడమ్" అని మెచ్చుకోళ్లు. నేను కూడా పోనీలే అని ఒక దండం పెట్టేసేదాన్నే. కానీ అన్నం తింటూ తింటూ పిల్ల ఒక మాట అడిగింది. "అమ్మా, నిజంగా మంటలొచ్చినప్పుడు నేను బాత్రూంలో ఉంటే ఎలా? అక్కడికి బెల్ సరిగ్గా వినపడదు. నేను రాలేదని ఎవరికి తెలుస్తుంది?"

చారు పోస్తున్నదాన్ని ఆగిపోయాను. తొమ్మిదేళ్ల పిల్లకి తట్టిన ప్రశ్న అంత పెద్ద స్కూల్లో ఒక్కరికీ తట్టలేదే! తట్టినా, ఫొటోలో పడదని వదిలేశారా?

ఈ కోపం ఇవాళ్టిది కాదు. నిరుడు వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం అదే గ్రూపులో "స్కూల్లో పొగ వస్తోందట" అని ఎవరో మెసేజ్ పెట్టారు. స్టవ్ ఆపానో లేదో కూడా గుర్తులేదు, పరుగెత్తాను. గేటు ముందు అప్పటికే వందమంది. అడ్డదిడ్డంగా స్కూటర్లు, ఆటోలు, కార్లు. వాచ్‌మన్ గేటు తియ్యడు, మేం ఊరుకోం. అందరితో పాటు నేనూ తోసుకుని లోపలికి పోయాను. ఆ నిమిషంలో ఫైర్ ఇంజన్ వచ్చి ఉంటే, దానికి దారి లేకుండా చేసింది మేమే. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

లోపల సంగతి తర్వాత తెలిసింది. కంప్యూటర్ ల్యాబులో వైర్లు కాలాయి. బెల్ కొట్టారు. అది రోజూ కొట్టే బెల్లే కాబట్టి పిల్లలు ఇంటర్వెల్ అనుకుని టిఫిన్ డబ్బాలు పట్టుకుని వరండాల్లోకి వచ్చారు. వెనక మెట్ల దగ్గర గ్రిల్ గేటుకి తాళం. తాళంచెవి ఉన్న మనిషి బ్యాంకుకి వెళ్లాడు. ఎవరో పుణ్యాత్ముడు మెయిన్ ఆపేశాడు కాబట్టి పొగతో సరిపోయింది. ఒక్క పిల్లకీ ఏమీ కాలేదు. కానీ మా పిల్ల నాకు దొరకడానికి ముప్పావు గంట పట్టింది. ఇంకేదో సెక్షన్ పిల్లలతో కలిసి మ్యూజిక్ రూములో కూర్చుని ఉంది. ఎవరు ఎక్కడున్నారో రాసుకున్నవాళ్లు లేరు, లెక్కపెట్టినవాళ్లు లేరు. సాయంత్రం మాత్రం "అంతా క్షేమం, తల్లిదండ్రులు ఆందోళన చెందవద్దు" అని చక్కటి మెసేజ్ వచ్చింది.

తర్వాతి పీటీఎంలో నేను ఆ తాళం గురించి అడిగాను. "మేడమ్, మీరు అనవసరంగా పానిక్ అవుతున్నారు. అయినా ఏమీ కాలేదు కదా" అన్నారు.

ఏమీ కాలేదు కదా! ఈ ఒక్క మాట మీదే మన దేశంలో స్కూళ్లు నడుస్తున్నాయనిపిస్తుంది నాకు.

2004 జులై 16న తమిళనాడులో కుంభకోణం స్కూల్లో కూడా అంతకుముందు రోజు వరకూ ఏమీ కాలేదు. మధ్యాహ్న భోజనం వండే పాకలో మొదలైన మంట పైఅంతస్తు పూరికప్పుకి అంటుకుంది. ఇరుకు మెట్లు. 94 మంది పసిపిల్లలు పోయారు. మా పెద్దాడు అప్పటికింకా పుట్టలేదు. అయినా టీవీలో ఆ వరసగా పేర్చిన చిన్న చిన్న చాపలు చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ ఘోరం తర్వాత అవినాష్ మెహ్రోత్రా అనే ఆయన వేసిన కేసులో 2009లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పిల్లలకి చదువుకునే హక్కు ఉందంటే, భద్రమైన బడిలో చదువుకునే హక్కు కూడా అందులో ఉన్నట్టే అని. మంటలార్పే పరికరాలు ఉండాలని, టీచర్లకి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ స్కూళ్ల భద్రత కోసం ఏకంగా మార్గదర్శకాలే తయారు చేసి ఇచ్చింది. ప్రతి స్కూలుకీ ఒక ప్లాను ఉండాలి, దాన్ని అప్పుడప్పుడూ ఆచరించి చూడాలి అన్నది వాటి సారం.

అంటే చట్టానికి లోటు లేదు, కాగితానికి అంతకంటే లోటు లేదు. మరి లోటు ఎక్కడ? కాగితం మీద ఉన్నది కాళ్లకి తెలియకపోవడంలో. మన పెద్దవాళ్లు "అభ్యాసం కూసు విద్య" అన్నారు. ఎన్ని పుస్తకాలు చదివినా చపాతీ గుండ్రంగా రావాలంటే చేత్తో ఒత్తి ఒత్తి చూడాల్సిందే కదా. ప్రాణం కాపాడుకోవడం చపాతీ కన్నా తేలికా?

కాగితానికీ కాళ్లకీ తేడా ఏమిటో తెలియాలంటే జపాన్‌లో జరిగిన రెండు సంగతులు చెప్పాలి. రెండూ ఒకే రోజు జరిగాయి. 2011 మార్చి 11, పెద్ద భూకంపం, వెంటనే సునామీ.

కమాయిషి అనే ఊళ్లో ఒక ప్రొఫెసర్ గారి సాయంతో కొన్నేళ్లుగా పిల్లలకి సునామీ వస్తే ఏం చెయ్యాలో నేర్పుతూ వచ్చారు. ఆ రోజు నేల కదలగానే హైస్కూలు ఈడు పిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకుని పరుగెత్తారు. ముందే అనుకున్న చోటికి చేరారు. అక్కడ పక్కన కొండచరియ విరిగిపడుతుంటే ఇది చాలదని ఇంకా ఎత్తుకి పోయారు. అక్కడి నుంచి ఇంకా పైకి. వాళ్లు మొదట ఆగిన చోటు తర్వాత నీళ్లలో మునిగిపోయింది. ఆ ఊళ్లోని దాదాపు మూడు వేల మంది బడిపిల్లల్లో కొద్దిమంది తప్ప అందరూ బతికారు. లోకమంతా దాన్ని అద్భుతం అంది. నేననేది, అది అద్భుతం కాదు, అభ్యాసం.

అదే రోజు ఇషినోమాకి అనే చోట ఒకావా ప్రాథమిక పాఠశాల. బడి వెనకే గుట్ట ఉంది. భూకంపం వచ్చాక నీళ్లు రావడానికి దాదాపు యాభై నిమిషాల టైముంది. పిల్లల్ని గ్రౌండ్‌లోనే నిలబెట్టి, ఎటు వెళ్దామా అని పెద్దవాళ్లు తర్జనభర్జన పడ్డారు. బడికి ఒక ప్రణాళిక పుస్తకం ఉండనే ఉంది. అందులో సునామీ వస్తే ఎక్కడికి వెళ్లాలి అన్నచోట దగ్గర్లోని ఖాళీ స్థలమో పార్కో అని రాసి ఉందట. అలాంటి పార్కు ఆ చుట్టుపక్కల లేదు! ఎవరో ఎక్కడిదో చూసి రాసిన వాక్యం. 74 మంది పిల్లలు, పదిమంది టీచర్లు పోయారు. ఆ తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. బడి, విద్యాశాఖ ముందుగానే సరైన ప్రణాళిక తయారు చేసుకోకపోవడం తప్పేనని 2018లో హైకోర్టు తేల్చింది, మరుసటేడు అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

గుట్ట పక్కనే ఉంది. టైమూ ఉంది. లేనిది అలవాటు ఒక్కటే. మన స్కూళ్ల ఆఫీసు బీరువాల్లో ఉన్న ఫైళ్లలో ఇలా లేని పార్కులు ఎన్ని ఉన్నాయో ఎవరైనా తెరిచి చూశారా?

సరే, జపాన్ దాకా ఎందుకు అంటారా? 2025 జులైలో రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లాలో ఒక సర్కారు బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు పోయారు. పైనుంచి రాళ్లు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని, కూర్చోమని కసిరారని పేపర్లలో వచ్చింది. అది చదివినప్పటి నుంచీ ఒకటే అనిపిస్తోంది. పెద్దవాళ్లు లైన్లో నిలబెట్టడం ఒక్కటే డ్రిల్లు కాదు. పిల్ల వచ్చి "టీచర్, ఏదో వాసన వస్తోంది" అంటే, నోరుమూసుకో అనకుండా లేచి వెళ్లి చూడటం డ్రిల్లులో మొదటి పాఠం.

మనవాళ్లు చెప్పే సాకులు మాత్రం వినాలి. మొదటిది, పిల్లలు భయపడతారు. ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. చెప్పాపెట్టకుండా సైరన్ మోగించి, దెబ్బలు తగిలినట్టు రంగులు పూసి నాటకాలాడితే చిన్నపిల్లలు రాత్రిళ్లు ఉలిక్కిపడతారు. అలాంటివి నాకూ వద్దు. కానీ "ఈ బెల్ వరసగా మోగితే బ్యాగులు వదిలేసి, మాట్లాడకుండా, పరుగెత్తకుండా టీచర్ వెనక ఆ వేపచెట్టు కిందికి పోవాలి" అని నేర్పితే ఎవరు భయపడతారు? రైలుబండి ఆట ఆడినట్టే ఉంటుంది. పిల్లని భయపెట్టేది తెలిసిన విషయం కాదు, తెలియని విషయం. నిరుడు మ్యూజిక్ రూములో మా పిల్ల ఎందుకు ఏడ్చింది? డ్రిల్లు చేయించినందుకా, చేయించనందుకా?

రెండోది, సిలబస్ పోతుంది. ఏడాదికి నాలుగుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. యాన్యువల్ డే డాన్సుల కోసం నెలరోజులు రిహార్సల్స్ చేయించేటప్పుడు గుర్తురాని సిలబస్ ఇప్పుడే గుర్తొచ్చిందా? డాన్సు అంటే తలుచుకున్నాను, 1995 డిసెంబరులో హర్యానాలోని డబ్వాలీలో మంటలంటుకుంది స్కూలు వార్షికోత్సవం షామియానాకే. నాలుగు వందల మందికి పైగా పోయారు. కాబట్టి రిహార్సల్ ఏదైనా సరే, బయటికెళ్లే దారి కూడా అందులో ఒక స్టెప్పు కావాలి.

మూడోది, డబ్బు. ఈల ఎంత ఖరీదు? గ్రిల్ గేటు తాళం తీసెయ్యడానికి ఎంతవుతుంది? తరగతి గోడకి దారి బొమ్మ గీసి అతికించడానికి ఒక డ్రాయింగ్ షీటు చాలు. సర్కారు బడైనా, లక్షలు గుంజే బడైనా వీటికి డబ్బు అడ్డం కాదు. భవనం బాగుచెయ్యడానికి డబ్బు కావాలి, నిజమే. కానీ ఆ డబ్బు వచ్చేదాకా పిల్లలకి పరుగు నేర్పడం ఆపమని ఎవరన్నారు?

నాలుగోది మా ఇంట్లోనే విన్నాను. "శుభమా అని స్కూలుకి పంపుతూ ఆ మాటలేంటి, నోటివెంట మంచి రాదా?" అంటుంది మా ఆడపడుచు. దానికి జవాబు నేను చెప్పలేదు, మా అత్తగారే చెప్పారు. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి కొత్తకోడలు. వేలమంది పోయిన ఆ రాత్రి గురించి ఆవిడ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు. ఆ రోజు మాత్రం, "అశుభం పలకలేదే మేం ఎవ్వరం. అయినా వచ్చింది. ఎటు పోవాలో ఎవరైనా ముందే ఒక్క మాట చెప్పుంటే, కొందరన్నా మిగిలేవాళ్లు" అన్నారు. ఆడపడుచు ఇంకేం మాట్లాడలేదు. తర్వాతి రోజుల్లో మన కోస్తా ఊళ్లలో తుఫాను షెల్టర్లు కట్టారు, వాటిలో చాలా వాటిల్లో బడులు నడుస్తున్నాయి. అంటే ఊరందర్నీ కాపాడే చోటు బడే అయింది. అలాంటిది బడిలో ఉన్న పిల్లలకే ఎటు పోవాలో తెలియకపోతే ఎలా?

ఇంకో విచిత్రం చూడండి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన సిబ్బంది జ్ఞాపకంగా చేస్తారు. మంచిదే. ఫైర్ స్టేషన్ వాళ్లు పాపం ఓపిగ్గా స్కూళ్లకీ వస్తారు. కానీ మన దగ్గర ఆ వారం ఏమిటి? ఒంటిపూట బళ్లు, పరీక్షల చివరి రోజులు, సెలవుల హడావుడి. ఏడాది మొత్తం వాడాల్సిన పాఠాన్ని ఏడాది చివర చెప్పి పంపిస్తాం! ఎండాకాలం దాటేసరికి పిల్లలూ మర్చిపోతారు, టీచర్లూ మారిపోతారు. జూన్‌లో బడి తెరిచిన రెండో వారంలో మొదటి డ్రిల్లు పెట్టడానికి అడ్డేమిటి? ఫైర్ వాళ్లని ఉత్తరం రాసి పిలవకూడదా?

స్కూళ్లనే తిట్టి చేతులు దులుపుకుందామని కాదు. మన సంగతేమిటి? అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు మనం ఏం అడుగుతాం? ర్యాంకులెన్ని, ఏసీ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా, హిందీ టీచర్ ఎలా చెప్తుంది. రెండో మెట్లదారి ఎక్కడుంది అని ఒక్కరం అడుగుతామా? 2019 మేలో సూరత్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో 22 మంది పిల్లలు పోయారు, దారిలేక కిటికీల్లోంచి దూకేశారు. ఆ వీడియోలు చూసి కళ్లు తుడుచుకున్న మనమే మర్నాడు మూడో అంతస్తు షట్టర్ల వెనకున్న ట్యూషన్లకి పిల్లల్ని దింపి వచ్చాం. మనం అడగందే వాళ్లు ఎందుకు పెడతారు? కొట్లో తాలు బియ్యం ఇస్తే తిప్పికొడతాం కదా, దీన్నెందుకు కళ్లకద్దుకుని తెచ్చుకుంటున్నాం?

అందుకే ఈసారి పీటీఎంకి నేను ఒక కాగితం రాసుకున్నాను. మార్కుల సంగతి ఐదు నిమిషాలు, ఇది పది నిమిషాలు. ప్రమాదం బెల్‌కీ ఇంటర్వెల్ బెల్‌కీ తేడా ఉందా, బాత్రూముల్లోకి వినపడుతుందా? బెల్ మోగితే ఏ అంతస్తు బాత్రూములు ఎవరు చూసి రావాలో పేరు రాసి ఉందా? రాసిన మనిషి సెలవైతే ఇంకెవరు? వెనక గేటు బడివేళల్లో తాళం లేకుండా ఉంటుందా? గ్రౌండ్‌లోకి వచ్చాక హాజరుపట్టీ తీసి లెక్కపెడతారా? మా పిల్ల క్లాసులో కాలు బాగాలేని బాబు ఉన్నాడు, వాడి చెయ్యి ఎవరు పట్టుకోవాలి? ఆయాలకి, బస్సు డ్రైవర్లకి, క్యాంటీన్ వాళ్లకి కూడా నేర్పారా? మంటలార్పే సిలిండర్ పిన్ను ఎలా లాగాలో, మంట మొదలు మీదకి ఎలా కొట్టాలో కనీసం నలుగురు టీచర్లు చేత్తో చేసి చూశారా? చివరిది మా కోసం. పిల్లల్ని తీసుకెళ్లడానికి మేం ఎక్కడ నిలబడాలి? ఆ చోటు చెప్తే మేం గేటు మీద పడం. ఇది మేం ఇచ్చే మాట.

ఇప్పటికి పదకొండు మంది తల్లులు సంతకం పెట్టారు. "నీకెందుకే ఈ గొడవలు, పిల్లని టార్గెట్ చేస్తారు" అన్నారు మా ఆయన. భయం ఆయనకీ ఉంది, నాకూ ఉంది. అందుకే పదకొండు సంతకాలు. ఒక్కదాన్ని అడిగితే "పానిక్ అయ్యే మేడమ్". పదకొండు మందిమి అడిగితే సమాధానం చెప్పాల్సిన తల్లులం.

ఆదివారం మా ఇంట్లో కూడా ఒక డ్రిల్లు చేశాం. గ్యాస్ ఎలా కట్టెయ్యాలి, మెయిన్ ఎక్కడ ఆపాలి, 112కి ఫోన్ చేసి అడ్రసు ఎలా చెప్పాలి, లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీదుగా ఎలా దిగాలి. పొగ ఉంటే కిందికి వంగి పాకాలని పిల్ల చూపిస్తుంటే మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని నవ్వారు. మొదటిసారి కిందికి చేరడానికి ఏడు నిమిషాలు పట్టింది, అత్తగారి కళ్లజోడు వెతకడానికే రెండు నిమిషాలు. రెండోసారి నాలుగు. కళ్లజోడు ఇప్పుడు మంచం పక్కన మేకుకి వేలాడుతోంది. చూశారా, చేసి చూస్తేనే తెలుస్తుంది ఇలాంటివి. ఏ ఫైల్లోనూ మా అత్తగారి కళ్లజోడు ఉండదు.

ఈ శనివారమే పీటీఎం. మీ పిల్లల స్కూల్లోనూ ఈ నెలలో ఒకటి ఉండే ఉంటుంది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక వెంటనే ఇంటికి వచ్చెయ్యకండి. ఒక్కసారి పై అంతస్తు ఎక్కి, వెనక మెట్ల దాకా నడిచి, ఆ గేటుని చేత్తో తోసి చూడండి. తెరుచుకుంటే సంతోషం. తాళం ఉంటే కిందికి దిగి, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. ఆ పేరు చెప్పడానికి వాళ్లకి ఎంతసేపు పడుతుందో చూడండి. మిగతా సంగతంతా మీకే అర్థమవుతుంది.